బ్లాక్ హోల్ చివరికి ఏమైపోద్ది? ఫ్రీగా చదువుకోడానికి ఆర్కైవ్ సైట్, నా రివ్యూ

ఫస్టియర్ ఎంపీసీ క్లాసులో గ్రావిటేషన్ చెప్తున్నా, ఎస్కేప్ వెలాసిటీ దగ్గర ఎప్పట్లాగే బ్లాక్ హోల్ మాటొచ్చింది, వెలుతురు కూడా బయటికి రాలేదమ్మా అని చెప్పి బోర్డు తుడుస్తుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి "సార్, మరి అది చివరికి ఏమైపోద్ది సార్? అలాగే ఉండిపోద్దా?" అంది. హాకింగ్ రేడియేషన్, ఆవిరైపోద్ది, అని రెండు ముక్కలు చెప్పాను. "ఆవిరైపోతే లోపల పడ్డవన్నీ ఏమైనట్టు సార్?" అంది. బెల్లు కొట్టారు. ఆ రెండో ప్రశ్నకి ఆ పిల్లకి నిజాయితీగా జవాబు చెప్పాలి అనుకుని నేను ఎక్కడెక్కడ తిరిగానో, చివరికి ఏది పనికొచ్చిందో చెప్పడానికే ఈ రివ్యూ.

ముందు డబ్బులు పెట్టి ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నా, పేరు చెప్పను. వీడియోలు అందంగా ఉన్నాయి, గ్రాఫిక్స్ అదిరిపోయాయి, కానీ చివరి పాఠంలో "2004లో హాకింగ్ పందెంలో ఓటమి ఒప్పుకున్నాడు కాబట్టి సమస్య తీరిపోయింది" అని తేల్చేశారు. అది తప్పు, ఎందుకో కింద చెప్తా. డౌట్ పంపితే జవాబు రాలేదు. ఆ తర్వాత ఎమ్మెస్సీ రోజుల్లో విన్న ఆర్కైవ్ గుర్తొచ్చి మళ్ళీ ఓపెన్ చేశా, అప్పట్నించి వదల్లేదు.

ఆర్కైవ్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి: రీసెర్చ్ చేసేవాళ్ళు జర్నల్‌లో అచ్చు కాకముందే తమ పేపర్ పెట్టే చోటు ఇది. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ అనే ఫిజిసిస్టు అమెరికాలో లాస్ అలమోస్ ల్యాబ్‌లో మొదలుపెట్టాడు, 2001లో కార్నెల్ యూనివర్సిటీకి మారింది, ఇప్పుడు 20 లక్షల పైచిలుకు పేపర్లున్నాయి. లాగిన్ అక్కర్లేదు, రూపాయి కట్టక్కర్లేదు, యాడ్స్ లేవు. పేరు రాసేటప్పుడు మధ్యలో ఎక్స్ అక్షరం ఉంటుంది, దాన్ని గ్రీకు అక్షరం కై లాగా చదవాలి, అందుకే ఆర్కైవ్ అంటారు. విజయనగరంలో కూర్చున్న నాకు జర్నల్ సబ్‌స్క్రిప్షన్ ఉన్న లైబ్రరీ దగ్గర్లో లేదు, ఒక్కో పేపర్ విడిగా కొనుక్కునే స్తోమతా లేదు. ఇక్కడ మాత్రం ప్రిన్స్‌టన్‌లో ఉన్నవాడు ఏది ఏ నిమిషానికి చూస్తాడో అదే నిమిషానికి అదే నేనూ చూస్తాను.

ఆ నిమిషం కూడా చెప్తా. కొత్త పేపర్ల లిస్టు వాళ్ళ టైము ప్రకారం రాత్రి 8కి వస్తుంది, ఆదివారం నుంచి గురువారం దాకా. మనకది సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున్నే 5:30కి, వాళ్ళకి చలికాలం టైము మారినప్పుడు 6:30కి. పాలవాడు వచ్చే వేళన్నమాట. కాఫీ పెట్టుకుని ఫోన్లో రెండు సెక్షన్లు చూస్తాను, ఒకటి హెచ్‌ఈపీ-టీహెచ్, అంటే హై ఎనర్జీ ఫిజిక్స్ థియరీ, రెండోది జీఆర్-క్యూసీ, అదే జనరల్ రిలేటివిటీ, క్వాంటమ్ కాస్మాలజీ సెక్షన్. మనకి కావాల్సిన క్వాంటమ్ గ్రావిటీ, అంటే గ్రావిటీని క్వాంటమ్ మెకానిక్స్‌తో కలిపే ప్రయత్నం, అదంతా దాదాపు ఈ రెండిట్లోనే దొరుకుద్ది.

నాకు అన్నిటికంటే నచ్చింది పేపర్ నంబరు. పాత నంబరు 9306083 అని ఉందనుకోండి, 93వ సంవత్సరం, 06వ నెల, ఆ నెలలో ఆ సెక్షన్లో 83వ పేపర్ అని అర్థం. అంటే నంబరు చూస్తేనే ఎవరు ముందు ఎవరు తర్వాత, ఎవరికి ఎవరు జవాబిచ్చారో తెలిసిపోద్ది. బ్లాక్ హోల్ చావు కథని ఈ నంబర్ల వరసలో చదివితే ఒక పెద్ద కుటుంబంలో 30 ఏళ్ళుగా నడుస్తున్న ఆస్తి తగువు రికార్డులన్నీ తీసి చదువుతున్నట్టు ఉంటుంది, ఎవరు ఏం అన్నారో తేదీతో సహా ఉంటుంది, మాట మార్చడానికి లేదు. పేపర్ మార్చినా వీ1, వీ2 అని పాత వెర్షన్ కూడా అలాగే ఉంచుతారు.

తగువు ఎక్కడ మొదలైందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. 1974లో హాకింగ్ బ్లాక్ హోల్ వేడి వదులుద్ది అని చూపించాడు. ఆ వేడి ఎంతంటే సూర్యుడంత బరువున్న బ్లాక్ హోల్‌కి ఒక కెల్విన్‌ని కోటీ అరవై లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. మన చుట్టూ ఉన్న ఆకాశమే 2.7 కెల్విన్, కాబట్టి ఇవాళ అలాంటి బ్లాక్ హోల్ ఆవిరవడం లేదు, ఎదురు వేడి తాగి ఇంకా బరువెక్కుతోంది. చంద్రుడి బరువులో ఓ 60 శాతం కంటే తేలికైతేనే ఇప్పుడు తగ్గడం మొదలవుద్ది. ఎప్పటికో విశ్వం పూర్తిగా చల్లబడ్డాక సూర్యుడంతది ఆవిరవడానికి పట్టే టైము సుమారు 2 పక్కన 67 సున్నాలు పెడితే వచ్చేన్ని ఏళ్ళు. విచిత్రం ఏంటంటే వేడి పోతున్నకొద్దీ మన కాఫీ చల్లారుద్ది, బ్లాక్ హోల్ మాత్రం బరువు తగ్గి ఇంకా వేడెక్కుద్ది, ఇంకా తొందరగా కరుగుద్ది, చివరి క్షణంలో భగ్గుమంటుంది. విశ్వం పుట్టినప్పుడే 50 కోట్ల టన్నుల బరువుతో, అంటే ఓ కొండంత బరువుతో ప్రోటానంత సైజులో పుట్టినవి ఏవైనా ఉంటే అవి ఈ కాలంలోనే పేలిపోతుండాలి, ఫెర్మి టెలిస్కోప్ లాంటివాటితో వెతికారు, ఇప్పటిదాకా ఒక్కటీ చిక్కలేదు.

ఇక ఆ అమ్మాయి అడిగిన రెండో ప్రశ్న. దీన్ని క్లాసులో భోగి మంటతో చెప్తున్నా. పాత కుర్చీ, తాటాకులు, పిడకలు అన్నీ మంటలో వేస్తాం, తెల్లారేసరికి బూడిద. కానీ ఆ బూడిద, పొగ, వచ్చిన వెలుతురు, వేడి అంతా ఒక్క కణం వదలకుండా పోగేస్తే మంటలో ఏం వేశామో వెనక్కి లెక్క కట్టొచ్చు, చేయడం మనవల్ల కాదు గానీ ఫిజిక్స్ రూల్ ప్రకారం సమాచారం పోలేదు. క్వాంటమ్ మెకానిక్స్ గట్టిగా చెప్పేది అదే. హాకింగ్ లెక్కలో బ్లాక్ హోల్ నుంచి వచ్చే వేడికి మాత్రం లోపల కుర్చీ పడిందా పిడక పడిందా అన్నది పట్టదు, దాని బరువు, చార్జ్, తిరుగుడు, ఈ మూడే పడతాయి. హోల్ మొత్తం కరిగిపోయాక మిగిలేది ఏ గుర్తూ లేని వేడి. మరి కుర్చీ సంగతి? పోయింది అన్నాడు హాకింగ్ 1976లో. ఆ పేపర్లు ఆర్కైవ్ పుట్టకముందువి కాబట్టి ఇక్కడ ఉండవు, అది గుర్తుపెట్టుకోండి, 1991కి ముందు కథ వేరే చోట వెతుక్కోవాలి.

ఇప్పుడు పైన చెప్పిన 9306083 నంబరుకి వద్దాం. ఇది డాన్ పేజ్ రాసింది, కెనడాలో అల్బర్టా యూనివర్సిటీ. చిన్న పేపరే. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక టేబుల్ మీద గ్రాఫ్ పేపర్ పరిచి నేను దీన్ని చేత్తో గీశాను, మీరూ గీయండి, చదివితే రానిది గీస్తే వస్తుంది. అడ్డంగా టైము, నిలువుగా బయటికొచ్చిన రేడియేషన్ ఎంట్రపీ, అంటే దాని గురించి మనకి తెలియనిది ఎంతో చెప్పే కొలత. హాకింగ్ గీత మొదట్నించి చివరిదాకా పైకే పోద్ది. పేజ్ ఏమన్నాడంటే సమాచారం పోకూడదనుకుంటే ఆ గీత ఎక్కడో ఒకచోట తిరగాలి, తిరిగి కిందికి దిగి, హోల్ మాయమయ్యేసరికి సున్నాకి రావాలి. ఎక్కడ తిరగాలి అన్నదే అసలు విషయం. హోల్ ఆయుష్షులో సగం దాటిన కొద్దిసేపటికే తిరగాలి. అప్పటికి దాని బరువు సగానికి పైనే మిగిలుంటుంది, ఇంకా భారీ బ్లాక్ హోలే.

నేను పెన్సిల్ కింద పెట్టి ఆగిపోయింది అక్కడే. అప్పటిదాకా నేను అనుకున్నది, చాలామంది అనుకునేది ఏంటంటే, చివర్లో హోల్ మరీ చిన్నదైపోయి ప్లాంక్ సైజుకి వచ్చినప్పుడు, అంటే బరువు 22 మైక్రోగ్రాములకి, ఓ సన్న ఉప్పు రవ్వ కంటే తేలిక్కి వచ్చినప్పుడు మాత్రమే క్వాంటమ్ గ్రావిటీ కావాలి, ఆ ఆఖరి క్షణం సంగతి తేలితే అన్నీ తేలిపోతాయి అని. కాదు. ఈ గ్రాఫ్ ప్రకారం ఐన్‌స్టీన్ సమీకరణాలు బ్రహ్మాండంగా పనిచేయాల్సిన టైములోనే, హోల్ ఇంకా నిండు వయసులో ఉండగానే లెక్క తప్పుతోంది. తప్పు ఎక్కడో ఎవరికీ కనబడదు. ఈ సమస్య ఎందుకు అంత మొండిదో నాకు ఆ ఒక్క గీత వల్ల అర్థమైంది, ఏ వీడియో వల్లా కాలేదు.

అక్కడి నుంచి నంబర్లు పట్టుకుని ముందుకి నడవొచ్చు. 1996 జనవరిలో స్ట్రామింజర్, వాఫా కలిసి రాసినది, నంబరు 9601029. స్ట్రింగ్ థియరీలో, అంటే కణాలన్నీ సన్నని తీగలే అనే సిద్ధాంతంలో, ఒక ప్రత్యేకమైన బ్లాక్ హోల్ తీసుకుని దాని లోపలి స్థితులన్నీ లెక్కబెడితే ఎంట్రపీ సరిగ్గా హొరైజన్ (దాటితే వెనక్కి రాలేని అంచు) ఏరియాలో నాలుగో వంతు అనే పాత సూత్రమే వచ్చింది, దానికి ముందు ఏడాది మన అశోక్ సేన్ రాసిన 9504147 ఆ దారిలో తొలి అడుగుల్లో ఒకటి, చూడండి. 1997 నవంబర్లో మాల్డసేనా 9711200. ఒక రకం వంపు ఉన్న జాగాలో గ్రావిటీ అంతా దాని అంచు మీద గ్రావిటీ లేని మామూలు క్వాంటమ్ సిద్ధాంతంతో సమానం అన్నాడు, అంచు మీద సమాచారం పోదు కాబట్టి లోపలా పోకూడదు అని చాలామంది అటు మొగ్గారు. 2004లో డబ్లిన్ సభలో హాకింగ్, సమాచారం పోతుందా పోదా అని ప్రెస్కిల్ అనే ఫిజిసిస్టుతో కాసిన పందెం ఓడినట్టు ఒప్పుకుని ఆయనకి బేస్‌బాల్ ఎన్‌సైక్లోపీడియా ఇచ్చాడు, దాని పేపర్ 2005లో వచ్చింది, 0507171. పందెంలో హాకింగ్ పక్కన ఉన్న కిప్ థోర్న్ మాత్రం అప్పుడు ఒప్పుకోలేదు. "పోదు" అని నమ్మడం వేరు, "ఎలా బయటికొస్తుంది" అని చూపించడం వేరు, నేను కొన్న కోర్సు మింగేసింది ఈ తేడానే.

అది ఎంత పెద్ద తేడానో 2012 జూలైలో వచ్చిన 1207.3127 చూస్తే తెలుస్తుంది. అల్మహేరి, మరోల్ఫ్, పోల్చిన్‌స్కీ, సల్లీ అని నలుగురు. వాళ్ళ వాదన ఇది: సగం వయసు దాటిన హోల్ నుంచి ఇప్పుడు వచ్చే కణం, ముందెప్పుడో బయటికెళ్ళిన రేడియేషన్‌తో పూర్తిగా ముడిపడి ఉండాలి, లేకపోతే పేజ్ గీత కిందికి దిగదు. అదే కణం లోపల పడిన తన జంటతో కూడా పూర్తిగా ముడిపడి ఉండాలి, లేకపోతే హొరైజన్ దగ్గరున్న ఖాళీ జాగా ఖాళీగా ఉండదు. ఒకే కణానికి రెండు పూర్తి ముడులు కుదరవు. లోపలి ముడి తెగితే హొరైజన్ దగ్గరే మంటల గోడ, పడేవాడు అక్కడే మాడిపోతాడు. అది ఐన్‌స్టీన్‌కి పూర్తి విరుద్ధం. ఈ పేపర్ పడిన తర్వాత వచ్చిన జవాబులు, ఎదురు జవాబులు చూడాలి, ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ లిస్టుల్లో ఇదే గొడవ. 2014 జనవరిలో హాకింగ్ మళ్ళీ వచ్చాడు, 1401.5761, మొత్తం నాలుగే పేజీలు, స్కైప్‌లో ఇచ్చిన ఉపన్యాసం అది. బ్లాక్ హోల్స్ లేవన్నాడని వార్తలొచ్చాయి, పేపర్ చదివితే శాశ్వతంగా మూసుకుపోయే హొరైజన్ ఉండదు, కొంతకాలం నిలిచే హొరైజన్ ఉంటుంది అన్నాడంతే. మూలం చేతిలో ఉంటే ఇదీ లాభం, ఐదు నిమిషాల్లో వార్త నిజమో కాదో మనమే తేల్చుకోవచ్చు.

ఇదే నెలలో ఇంకో దారి, 1401.6562, రొవెల్లీ, విడొట్టో. లూప్ క్వాంటమ్ గ్రావిటీ వాళ్ళు. వీళ్ళ ప్రకారం లోపల కూలిపోతున్న పదార్థం ఒక హద్దు దాటి నలగదు, స్పేస్ కూడా గింజలు గింజలుగా ఉంటుంది కాబట్టి ఎదురు తంతుంది, చివరికి బ్లాక్ హోల్ వైట్ హోల్‌గా మారి లోపలున్నది బయటికి కక్కేయొచ్చు. అదే ఏడాది జూలైలో హగ్గర్డ్‌తో కలిసి రొవెల్లీ రాసిన 1407.0989లో ఆ మార్పు ఎలా ఉండొచ్చో ఉంది. ఓహియోలో ఉన్న సమీర్ మాథుర్ది మూడో దారి, అసలు లోపల ఖాళీ అనేదే లేదు, హొరైజన్ జాగాలో స్ట్రింగ్స్ ఉండచుట్టుకుని ఉంటాయి, దూది ఉండలాగా, కాబట్టి భోగి మంటకీ దీనికీ తేడా లేదు అంటాడు. ఎమ్మెస్సీ స్థాయి వాళ్ళకి ఆయన 2009లో రాసిన 0909.1038 నేను గట్టిగా రికమెండ్ చేస్తా, పాఠం చెప్తున్నట్టే రాశాడు, హాకింగ్ లెక్కలో చిన్న చిన్న సవరణలు ఎందుకు సరిపోవో అందులో చూసినంత స్పష్టంగా నేనింకెక్కడా చూడలేదు.

2019 మే నెల. 1905.08255, స్టాన్‌ఫోర్డ్‌లో అప్పటికి పీహెచ్‌డీ స్టూడెంట్ అయిన పెనింగ్టన్ ఒక్కడే రాశాడు. 507 నంబర్ల తేడాతో 1905.08762, అల్మహేరి, ఎంగెల్‌హార్ట్, మరోల్ఫ్, మాక్స్‌ఫీల్డ్. పేర్లు చూశారా, మంటల గోడ అన్న నలుగురిలో ఇద్దరు ఇందులో ఉన్నారు. ఈ రెండు పేపర్లలో పేజ్ గీత మొదటిసారి గ్రావిటీ లెక్కలోంచే తిరిగింది. ఎవరో తిరగాలి అని కోరుకుని గీసింది కాదు, లెక్క చేస్తే వచ్చింది. సగం వయసు దాటాక హోల్ లోపలి భాగంలో ఒక ముక్కని, దాన్నే ఐలాండ్ అంటారు, దాన్ని బయట రేడియేషన్ ఖాతాలోకి కలిపి లెక్కపెట్టాలి, అప్పుడు ఎంట్రపీ దిగుద్ది. ఊళ్ళో పొలం పేరు ఒకరిది, పంట ఇంకొకరిది అన్నట్టు, జాగా లోపలే ఉంది కానీ దాని హక్కు బయటికెళ్ళిపోయింది. అదే నవంబర్లో రెండు గ్రూపులు, 1911.11977, 1911.12333, ఎందుకలా కలపాలో కూడా వామ్‌హోల్స్, అంటే స్పేస్‌లో రెండు చోట్లని కలిపే సొరంగాల ద్వారా చూపించారు. వీటన్నిటినీ ఒకచోట చెప్పే రివ్యూ 2006.06872, బొమ్మలు చాలా బాగున్నాయి, ముందు బొమ్మలు, కింద ఇచ్చిన వివరణలు చదివి తర్వాత లెక్కల్లోకి వెళ్ళండి.

అయితే ఇది కూడా ముగింపు కాదు. ఆ లెక్కలు ఎక్కువగా తక్కువ డైమెన్షన్ల బొమ్మ ప్రపంచాల్లో, బయట ఒక తొట్టి లాంటిది తగిలించి అందులోకి రేడియేషన్ పారేలా చేసినవి, మన ఆకాశంలో ఉన్న బ్లాక్ హోల్‌కి అచ్చంగా ఇదే వర్తిస్తుందా అన్న చర్చ గట్టిగా నడుస్తోంది. బెంగళూరు ఐసీటీఎస్ అనే రీసెర్చ్ సెంటర్లో ఉన్న సువ్రత్ రాజు రాసిన 2012.05770 ఈ విషయంలో తప్పక చదవండి, గ్రావిటీ ఉన్నచోట లోపలి సమాచారం బయట ఎప్పుడూ ఉండనే ఉంటుంది, అసలు బయటికి రావాల్సిన పనే లేదు అని ఆయన వాదన. పైగా ఐలాండ్ లెక్క ఎంట్రపీ ఎంతో చెప్తుంది, కుర్చీ వివరం ఏ కణంలో ఎక్కి బయటికొచ్చిందో చెప్పదు. చిట్టచివరి క్షణం, ఆ 22 మైక్రోగ్రాముల దగ్గర ఏమవుద్ది, పూర్తిగా మాయమా, చిన్న ముక్క మిగులుద్దా, వైట్ హోలా, అది ఇంకా తెరిచి ఉన్న ప్రశ్నే.

సర్వీస్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది అందరికీ ఒకేలా పనికిరాదు. ఇక్కడ పెట్టే పేపర్లు నిపుణులు పరీక్షించి ఓకే చేసినవి కావు. మోడరేటర్లు ఇది సైన్స్ లాగే ఉందా, సరైన సెక్షన్లో ఉందా అని చూస్తారు, 2004 నుంచి కొత్తగా పేపర్ పెట్టేవాళ్ళకి ఆ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళ ఎండార్స్‌మెంట్ ఉండాలి, అంతవరకే. కాబట్టి టైటిల్ చూసి సమస్య పరిష్కారం అయిపోయింది అని స్టేటస్ పెట్టొద్దు, పేపర్ కింద జర్నల్ రిఫరెన్స్ ఉందేమో చూడండి, తర్వాత ఎవరెవరు దాన్ని వాడుకున్నారో చూడండి. ఇంటర్ పిల్లలకి నేరుగా చేతిలో పెట్టేది కాదు, మధ్యలో ఒక టీచర్ ఉండాలి. తెలుగులో ఏమీ లేదు. డిగ్రీ వాళ్ళు అబ్‌స్ట్రాక్ట్, మొదటి రెండు పేజీలు, ఆఖరి డిస్కషన్ చదివినా చాలా వస్తుంది. కామెంట్స్ లైన్లో ఎన్ని పేజీలో రాసి ఉంటుంది, ముందు అది చూసుకోండి. 2023 డిసెంబర్ నుంచి చాలా కొత్త పేపర్లకి పీడీఎఫ్ పక్కన హెచ్‌టీఎంఎల్ కూడా ఇస్తున్నారు, ఫోన్లో చదివేవాళ్ళకి అది హాయి, అక్షరాలు పెద్దవి చేసినా లైను తెగదు.

నా రేటింగ్ 5కి 5. డబ్బులు తీసుకోకుండా, మనిషి ఎక్కడివాడో అడక్కుండా ఇంత ఇచ్చేది నాకు ఇంకోటి తెలీదు.

ఆ అమ్మాయికి పోయిన వారం జవాబు చెప్పాను. స్టాఫ్ రూమ్‌కి పిలిచి గ్రాఫ్ పేపర్ ఇచ్చి రెండు గీతలూ తననే గీయమన్నా. పేజ్ గీత తిరిగేచోట పెన్సిల్ ఆపి, "ఇక్కడ ఇంకా పెద్దగానే ఉంది కదా సార్, మరి ఇక్కడే ఎందుకు తిరుగుద్ది?" అంది. 1905.08255 మొదటి పేజీ ప్రింటు తీసి ఇచ్చాను, లెక్కలు వదిలేసి పైన ఉన్న అబ్‌స్ట్రాక్ట్ మాత్రం డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుకు రమ్మన్నాను. సోమవారం వస్తానంది.